ఇనాయతుల్లా పెట్టని సంతకం

సౌదీలోని యాన్బులో రిఫైనరీ పనులకు మనుషుల్ని సరఫరా చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపు ఉంది. ఆ క్యాంపులో ఇనాయతుల్లాను ఎరగనివాడు లేడు. ఆయన నమ్మినవాడు కూడా ఒక్కడూ లేడు. సొంతూరు రాయచోటి, వయసు యాభై మూడు, ఉద్యోగం టూల్ స్టోర్ ఇన్‌చార్జి. ఇరవై రెండేళ్లుగా అదే కిటికీ వెనక, అదే స్టూలు మీద. స్పానర్ అడగడానికి వచ్చినవాడి ముఖం ముందు చూస్తాడు, ఆ తర్వాత వాడి ఇత్తడి టోకెన్ చూస్తాడు, టోకెన్‌ను మేకుకు తగిలించాకే స్పానర్ చేతికిస్తాడు. పని ముగిసి సామాను తిరిగి వచ్చేదాకా ఆయన దృష్టిలో ప్రతివాడూ సగం దొంగే.

రూములోనూ అదే వరస. గోంగూర పచ్చడి సీసాకు పెన్నుతో గీత పెట్టుకుంటాడు. తలగడ కింద నివాస పర్మిట్టు ఇకామా, ఇకామా జిరాక్సు, ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్సు. రూమ్మేట్ దేవన్నది జగిత్యాల పక్క పల్లె. పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పని చేస్తాడు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. "ఇనాయత్ భాయ్, నీ పచ్చడి నేను తినాల్నంటే గీత గీకి తింట గని, గీత చూసి భయపడతనా?" అని ఆటపట్టించేవాడు. ఇనాయతుల్లా నవ్వేవాడు కాదు. సీసాకు రెండో గీత పెట్టేవాడు.

రెండు వేల పంతొమ్మిది జూన్‌లో ఆ రూములో మూడో మంచం ఖాళీ అయింది. ఆ మంచానికి ఇరవై తొమ్మిదేళ్ల జునైద్ వచ్చాడు. ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్, ప్రెషర్ గేజీలు సరిచేసే పని. పలచటి మనిషి, మాట మెత్తన. ఏ ఊరని దేవన్న అడిగితే, కుప్వారా వైపు, కాశ్మీర్ అన్నాడు. అంతే, ఇనాయతుల్లా తన మంచం గోడవైపుకు ఒక జానెడు జరుపుకున్నాడు.

ఆ పిల్లవాడు ఇంటి నుంచి దారానికి గుచ్చిన ఎండు వంకాయ ముక్కలు తెచ్చుకున్నాడు. మన వరుగులే. చలికాలం మంచు పడితే అవే వండుకుంటారట. దేవన్న ఆ సాయంత్రమే వాటిని కారం దట్టించి వండి, ముగ్గురికీ పళ్లేలు పెట్టాడు. ఇనాయతుల్లాకు వరుగులంటే ప్రాణం. అయినా కడుపు బాగాలేదని చెప్పి, ఆకలితోనే పడుకున్నాడు. ఎవరు వండారన్నది కాదు, ఎవరు తెచ్చారన్నది ఆయన లెక్క.

ఆగస్టు అయిదున కాశ్మీర్ వార్త మెస్సులో టీవీ మీద చూశారు. ప్రత్యేక ప్రతిపత్తి రద్దు, రాష్ట్రం రెండు ముక్కలు, ఫోన్లు బంద్, ఇంటర్నెట్ బంద్, వీధుల్లో కర్ఫ్యూ. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు పళ్లెంలోకి చూస్తూ తిన్నారు. జునైద్ తినకుండానే లేచి బయటికి వెళ్లి ఫోన్ చేశాడు. మళ్లీ చేశాడు. పది రోజులు చేస్తూనే ఉన్నాడు. అతని భార్య అఫ్షాన్‌కు తొమ్మిదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఊళ్లో డాక్టరు లేడు, ఆసుపత్రి పద్దెనిమిది కిలోమీటర్ల అవతల. ఇంట్లో ముసలి తల్లి మెహరున్నిసా తప్ప మగదిక్కు లేదు. రోడ్డు మీద ముళ్లకంచె వేస్తే ఆ పిల్లను ఎవరు తీసుకుపోతారు, ఎలా తీసుకుపోతారు? జునైద్ బాధంతా అదే. ఆమె బతికి ఉందా, బిడ్డ బతికి ఉందా అన్న ఒక్క కబురు కోసం ఆ పిల్లవాడు ఎండిపోతున్నాడు.

ఒక సాయంత్రం దేవన్న తనకొచ్చిన హిందీని తెలంగాణతో కలిపి అతన్ని ఓదార్చబోయాడు. "మేం గూడ మా రాష్ట్రం కోసం కొట్లాడినం తమ్మీ. రోడ్ల మీద వండుకొని తిన్నం, రైళ్లాపినం. అడగంగ అడగంగ ఎప్పటికన్న ఇయ్యక తప్పది."

"మీ ఫోన్లు ఆపేశారా అన్నా?" జునైద్ అడిగాడు.

"లే."

"ఊరూరూ గడప దాటొద్దన్నారా?"

దేవన్న తల అడ్డంగా ఊపాడు.

జునైద్ మాట్లాడింది ఉర్దూలో, చాలా నెమ్మదిగా. "మా తాత ఒకటే అడిగేవాడు. మా నేల సంగతి మమ్మల్ని అడిగి తేల్చండి, మేమేం చెబితే అది రాసుకోండి అని. మా నాన్న అదే అడిగి ఏడాదిన్నర జైల్లో ఉండి వచ్చాడు. కోర్టు లేదు, శిక్ష లేదు, ఊరికే ఉంచారు. వచ్చాక ఎక్కువ కాలం లేడు. నేను ఏమీ అడగను, గేజీలు బాగుచేసుకుని బతుకుతానని ఇంత దూరం వచ్చాను. ఇప్పుడు నా భార్య బతికుందా అని అడుగుతున్నాను. దానికీ జవాబు చెప్పేవాడు లేడు."

మంచం మీద అటు తిరిగి పడుకున్న ఇనాయతుల్లా తెలుగులో గొణిగాడు. "మమ్మల్ని మాత్రం ఎవురు అడిగినారప్పా, రాష్ట్రం చీల్చేటప్పుడు? తలుపులేసి, టీవీలాపి చీల్చిరి."

"గదీ గిదీ ఒక్కటేనా భాయ్?" దేవన్నకు కోపం వచ్చింది.

"ఒకటని నేనన్లా. అడగల్యా అని మాత్రమే అంటాండా."

ఆ మాట అన్నాక ఇనాయతుల్లాకు తన మీద తనకే భయం వేసింది. కాశ్మీర్ వాడి పక్షాన ఒక్క ముక్క మాట్లాడినట్టయింది కదా అని. గోడలకు చెవులుంటాయి, క్యాంపు గోడలకైతే నాలుగేసి ఉంటాయి. దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

ఆ వారంలోనే జునైద్ ఒక కాగితం పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు. ఆ కంపెనీలో ఒక రివాజు ఉంది. ఎమర్జెన్సీ లీవు మీద ఇంటికి పోయేవాడికి, అయిదేళ్ల సర్వీసు దాటిన ఇద్దరు హామీగా జమానత్ సంతకం పెట్టాలి. పోయినవాడు తిరిగి రాకపోతే, సంతకం పెట్టినవాళ్లకు రెండేళ్లు సెలవు ఉండదు. క్రేన్ ఆపరేటర్ అనీస్ ఒక సంతకం పెట్టాడు. దేవన్న పెడతానన్నాడు గానీ ఆయనకు మూడేళ్లే. ఇంకెవర్ని అడిగినా తప్పుకున్నారు.

"చాచా, మీరు పెడితే నేను వెళ్లిపోతాను. తిరిగి వస్తాను. అల్లా సాక్షి." జునైద్ అన్నాడు.

"ఆలోచించి చెప్తా," అన్నాడు ఇనాయతుల్లా. అల్లా సాక్ష్యం ఆయనకు సరిపోలేదు మరి.

ఇక్కడ ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే ఈయన ఉత్త రాతిగుండె అనుకుంటారు. ఇనాయతుల్లా తమ్ముడు వాజిద్‌కు హైదరాబాదులో సెల్‌ఫోన్ రీచార్జి షాపు ఉండేది. పన్నెండేళ్ల కిందట ఎవడో ఏదో కేసులో దొరికితే, వాడి డైరీలో వాజిద్ నంబరు కనిపించింది. రీచార్జి షాపువాడి నంబరు ఎవరి డైరీలో ఉండదు? కానీ ఆ ప్రశ్న అడిగే అవకాశం వాజిద్‌కు ఇవ్వలేదు. పోలీసులు పట్టుకుపోయి నాలుగు రోజుల తర్వాత ఇంటికి పంపించారు. అప్పటినుంచి అతని ఎడమ చెవి వినపడదు, తలుపు చప్పుడైతే పెరట్లోకి పోతాడు. తప్పు చేయలేదని తేల్చారు. తేల్చారు సరే, ఆ చెవిని ఎవరు తేలుస్తారు? అందుకని ఇనాయతుల్లాకు ప్రపంచంలో పులి కన్నా, పోలీసు కన్నా, ఒకరి నోటుబుక్కులో తన పేరుండడమే ఎక్కువ భయం. పేరు ఇనాయతుల్లా, రూమ్మేటు కాశ్మీరీ. ఇక వేరే సాక్ష్యం దేనికి అనుకునేవాళ్లు ఉంటారని ఆయనకు తెలుసు.

కనుక ఆయన జునైద్‌ను కనిపెట్టి చూడడం మొదలుపెట్టాడు. అనుమానం పెనుభూతం అన్నారు. ఆ భూతానికి ఇనాయతుల్లా మూడు పూటలా మేత వేశాడు.

మొదట దొరికింది ఫోను. రోజూ సాయంత్రం అసర్ నమాజు కాగానే జునైద్ వాటర్ ట్యాంకు వెనక్కి పోయి ఫోను నోటి దగ్గర పెట్టుకుని తన భాషలో మాట్లాడతాడు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. మధ్యలో నవ్వుతాడు కూడా. కాశ్మీర్‌లో ఒక్క ఫోనూ మోగడం లేదని టీవీ చెబుతోంది. మరి వీడు ఎవరితో మాట్లాడుతున్నాడు?

"దేవన్నా, ఫోన్లన్నీ బందయినాయి గదా. వీడు యాడికి మాట్లాడతాండాడు?"

"నువ్వే పోయి అడుగరాదు భాయ్?"

"అడిగితే నిజం చెప్తాడా?"

"అడగకపోతే ఎట్ల చెప్తడు?"

ఇది దేవన్న తర్కం. అడిగి తెలుసుకోవడం ఇనాయతుల్లా జన్మలో లేదు. ఆయన తెలుసుకునే తీరు ఒక్కటే, అవతలి మనిషి లేనప్పుడు చూడడం.

రెండోది నోటుబుక్కు. నీలం అట్ట, చిన్నది, జునైద్ చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది. హజ్ ముగిసి వారం దాటిన ఒక గురువారం మధ్యాహ్నం, జునైద్ స్నానానికి పోయి చొక్కా మంచం మీద వదిలాడు. దేవన్న డ్యూటీలో ఉన్నాడు. ఇనాయతుల్లా ఒకసారి తలుపు చూశాడు, ఒకసారి చొక్కా చూశాడు, బుక్కు తీశాడు. మదరసాలో నేర్చిన ఉర్దూ ఆయన్ను ఆ రోజు దెబ్బ తీసింది. రానివాడైతే మూసేసి పెట్టేవాడు.

పేజీ పేజీకి ఊళ్ల పేర్లు, వాటి కింద మనుషుల పేర్లు, జిద్దా, తాయిఫ్, తబూక్ నంబర్లు. కొన్నిటికి టిక్కు, కొన్నిటికి సున్నా. చివరి పేజీలో నంబర్లు లేవు, ఉత్త పేర్లు. అఫ్షాన్. పక్కనే, 'పుట్టబోయేది'. మెహరున్నిసా. ఆ తర్వాత దేవన్న. దాని కింద, ఇనాయతుల్లా, యాన్బు.

ఆయన ఆ పేరును మళ్లీ చదివాడు. బుక్కును ఉన్నచోట పెట్టి, చొక్కా మడత సరిచేసి, నీళ్లు తాగాడు. మరో గ్లాసు తాగాడు. ఏ పేజీలో తన పేరు ఉండకూడదని పన్నెండేళ్లుగా జాగ్రత్తపడ్డాడో, ఆ పేజీ పక్క మంచం మీదే ఉంది. ఆ వెంటనే చెప్పులు వేసుకుని ఆఫీసుకు నడిచాడు.

క్యాంపు అడ్మిన్ ఆఫీసరు రామప్రసాద్‌ది రాజమండ్రి. మర్యాదస్తుడు. ఏ విషయమైనా తన టేబుల్ మీద ఆగకుండా చూసుకోవడం ఆయన ప్రత్యేకత.

"సార్, నన్ను వేరే రూముకు మార్చండి," అన్నాడు ఇనాయతుల్లా.

"ఏమైందండీ? ఎనీ ప్రాబ్లమ్?"

"ప్రాబ్లమ్ అంటే... ఆ కాశ్మీర్ పిల్లోని సంగతి నాకు అంతుబట్టల్యా సార్. ఏందో రాస్తాంటాడు, ఎవురెవురివో నంబర్లు. బందయిన ఫోన్లో మాట్లాడతాంటాడు. నేను బిడ్డలు గలోణ్ని. నాకెందుకు సార్ ఈ పీడ?"

రామప్రసాద్ పెన్ను కింద పెట్టాడు. "మంచిపని చేశారు చెప్పి. ఇది మన మధ్యే ఉంటుంది. ఐ విల్ హ్యాండిల్ ఇట్."

అడిగింది రూము, చెప్పింది మాత్రం మనిషి గురించి. బయటికి వచ్చాక ఇనాయతుల్లాకు గుండె తేలికపడింది. అది నిజం, దాచడం దేనికి?

ఆ మర్నాడు శుక్రవారం. నెలకోసారి క్యాంపు బస్సు ఉమ్రా యాత్రకు మక్కా పోతుంది. జునైద్ పేరిచ్చాడని తెలిసి ఇనాయతుల్లా కూడా ఇచ్చాడు. పుణ్యం కోసం కాదు. వీడు ఎవర్ని కలుస్తాడో చూద్దామని. దేవుడి ఇంటికి పోతూ గూఢచారి పని పెట్టుకున్న మనిషిని ఏమనాలో నాకు తెలియదు.

బస్సులో సరిగ్గా వెనక సీటులో కూర్చున్నాడు. జునైద్ ఫోను తెరిస్తే భుజం మీంచి కనపడింది. అఫ్షాన్ పేరు కింద వాయిస్ మెసేజీలు, ఒకదాని కింద ఒకటి, వేలితో ఎంత జరిపినా తరగనన్ని. అన్నిటి పక్కనా ఒక్కటే బూడిదరంగు టిక్కు. ఒక్కటీ చేరలేదు. ట్యాంకు వెనక పిల్లవాడు మాట్లాడింది ఇవేనన్నమాట. ఇనాయతుల్లా ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అయినా వెంటనే తమాయించుకున్నాడు. చేరకపోతేనేం, పంపినవాడు పంపినట్టే కదా, అందులో ఏముందో ఎవడు చూశాడు?

ఉమ్రా ముగిసి తలలు గొరిగించుకున్నాక బస్సు బయల్దేరడానికి నాలుగు గంటలు టైమిచ్చారు. జునైద్ మక్కాలోనే ఉన్న అజీజియా పేటకు ట్యాక్సీ ఎక్కాడు. ఇనాయతుల్లా నున్నటి గుండుతో ఇంకో ట్యాక్సీ ఎక్కి, దాని వెనకే పొమ్మన్నాడు. ఆ డ్రైవరు ఈయన్ను అద్దంలో రెండుసార్లు అనుమానంగా చూశాడు. చూడడా మరి?

అజీజియాలో హాజీలు దిగిన బిల్డింగు అది. కింద హాల్లో కార్పెట్ మీద ఇరవై ముప్పై మంది కాశ్మీరీలు కూర్చున్నారు. సగం మంది వాపసు ప్రయాణానికి మూటలు కట్టుకున్న ముసలి హాజీలు, సగం మంది జిద్దా నుంచి, తాయిఫ్ నుంచి వచ్చిన పనివాళ్లు. జునైద్ మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని నీలం బుక్కు తెరిచాడు. ఒక ఊరి పేరు చదువుతాడు. ఆ చుట్టుపక్కల ఊరి హాజీ ఎవరైనా ఉంటే చెయ్యెత్తుతారు. ఇక్కడి పనివాడు తన కబురు చెబుతాడు. చెయ్యెత్తిన ఆ ముసలాయనో, ముసలామో కళ్లు మూసుకుని దాన్ని తిరిగి అప్పజెబుతారు. ఒకసారి, రెండుసార్లు, తప్పు లేకుండా వచ్చేదాకా. అప్పుడు జునైద్ టిక్కు పెడతాడు.

ఇనాయతుల్లా తలుపు పక్కన నిలబడి చూస్తూ ఉంటే, పళ్లులేని ఒక హాజీ ఆయన్ను చూసి ఉర్దూలో పిలిచాడు. "రా నాయనా, సిగ్గుపడకు. నీది ఏ ఊరు? ఎవరికి చెప్పాలి కబురు?"

"నాకు... నాదేం లేదు." తడబడ్డాడు ఇనాయతుల్లా. "కాగితం మీద రాసివ్వచ్చు కదా?"

"కాగితం ఎయిర్‌పోర్టులో జేబులోంచి తీస్తారు. ఇది ఎట్లా తీస్తారు?" ముసలాయన తన నుదురు వేలితో తట్టి చూపించాడు. "పద్నాలుగు ఇళ్ల కబుర్లు మోస్తున్నాను. మా ఇల్లు ఎట్లా ఉందో మాత్రం నాకే తెలియదు."

అప్పుడు జునైద్ తల తిప్పాడు. "చాచా!" అంటూ లేచి వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని అందరి మధ్యకు తీసుకుపోయాడు. ఎందుకొచ్చావని అడగలేదు. తన కోసమే వచ్చాడనుకున్నాడు. హాజీతో చెప్పాడు, "వెళ్లేముందు కాబా చుట్టూ తిరిగే ఆఖరి తవాఫ్‌లో దువా చేయమని ఫోనులో పేర్లు చెప్పాను కదా. అందులో ఇనాయతుల్లా చాచా ఈయనే. మా రూములో పెద్దదిక్కు."

ముసలాయన ఆయన గుండు మీద చెయ్యి వేసి, "పొద్దున్నే చేశాను బేటా. నీ పేరు తీసుకునే చేశాను," అన్నాడు.

ఇనాయతుల్లా చెమట పట్టిన ముఖాన్ని ఒంటి మీది తెల్లటి ఇహ్రాం బట్టతో తుడుచుకున్నాడు. నిలువునా సిగ్గుతో చచ్చిపోయాడు. దువా కోసం, ప్రార్థనలో తలుచుకోమని, పేరు రాసివ్వడం తమ ఇళ్లలో లేదా? వాళ్ల అమ్మ హజ్‌కు పోయేవాళ్లకు చీటీ నిండా పేర్లు రాసిచ్చేది. అంత తెలిసిన విషయం కళ్ల ముందుంటే ఆ గురువారం మధ్యాహ్నం ఎందుకు తట్టలేదు? తిరుగు ప్రయాణంలో జునైద్ పక్కనే కూర్చుని, "రేపు పొద్దున్నే సంతకం పెడతా బేటా," అన్నాడు. జునైద్ ఆయన భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. నాలుగు గంటలూ ఆయన కదల్లేదు.

శనివారం ఆఫీసు తెరవకముందే ఇనాయతుల్లా గుమ్మం దగ్గరున్నాడు.

"సార్, జునైద్ జమానత్ కాగితం ఇవ్వండి. పెడతా."

రామప్రసాద్ ఆశ్చర్యపోయాడు. "ఇంకెందుకండీ అది? ఫైనల్ ఎగ్జిట్ కొట్టేశాం. ఎల్లుండి ఢిల్లీ ఫ్లైటు. ఎలాగూ ప్రాజెక్టులో మనుషుల్ని తగ్గిస్తున్నాం కదా, రిస్క్ ఎందుకని మొదటి పేరు అతనిదే పంపించాను. మీరు చెప్పబట్టే."

"ఫైనల్ ఎగ్జిట్ అంటే మళ్లీ రాలేడు గదా సార్. నేను పొరబాటు పడినా. ఆ పిల్లోడు మంచోడు. క్యాన్సిల్ చేసి లీవు ఇయ్యండి."

"చేయొచ్చు. కారణం ఏం రాయను? మొన్న అనుమానం ఉందని మీరే అన్నారు, ఇవాళ లేదంటున్నారు. మధ్యలో ఏం జరిగిందని పైనవాళ్లు అడిగితే? అప్పుడు మీ పేరు కూడా రాయాలి మరి. రాయమంటారా?"

ఇనాయతుల్లా గట్టిగా రాయండి అని ఉంటే ఈ కథ ఇక్కడే మంచిగా ముగిసేది. పేరు, కాగితం అన్న రెండు మాటలు కలిస్తే ఆయన ప్రాణం ఎక్కడుంటుందో మీకు తెలుసు. సలాం పెట్టి బయటికి వచ్చేశాడు.

చిత్రం ఏమిటంటే జునైద్ ఎగిరి గంతేశాడు. ఉద్యోగం పోతే పోయింది, అఫ్షాన్ దగ్గరికి పోతున్నాను, అది చాలు అన్నాడు. పైగా ఆఫీసులో ఎవరో గుమాస్తా, ఇనాయతుల్లా వచ్చి మాట్లాడాకే ఎగ్జిట్ వేశారని అతని చెవిన వేశాడు. ఆ పిల్లవాడు పరుగున వచ్చి ఆయన్ను కావలించుకున్నాడు. "ఇంతమందిలో నా కోసం నోరు విప్పింది మీరొక్కరే చాచా," అన్నాడు. ఇనాయతుల్లా చేతులు పక్కకు వేలాడేసుకుని నిలబడ్డాడు. కాదు అనడానికి రెండక్షరాలు చాలు. అవీ రాలేదు.

సోమవారం పొద్దున గేటు దగ్గర వ్యాను ఆగి ఉంది. నీలం బుక్కును ముందురోజే కాల్చేశానన్నాడు జునైద్. ఢిల్లీలో వెతుకుతారట. దేవన్న అతని సంచిలో ఖర్జూరం డబ్బా కుక్కి, పుట్టబోయే బిడ్డ కోసం కొన్న పసుపుపచ్చ టోపీ పెట్టాడు.

"ఫోన్లు రాగానే మొదటి కబురు మీకే చాచా. మీ నంబరు చెప్పండి, నోటికి పట్టుకుంటాను. నాది రాసుకుంటారా?"

"నీది వద్దులే. నువ్వే చెయ్యి."

ఇనాయతుల్లా ఒక్కొక్క అంకె చెప్పాడు. చెబుతూ ఉంటే వాజిద్ కళ్ల ముందు మెదిలాడు. విమానాశ్రయంలో ఈ పిల్లవాణ్ని కూర్చోబెట్టి, ఎవరెవరు తెలుసు నీకు అని అడిగితే? ఆఖరి అంకె ఏడు. ఆయన నోటి నుంచి తొమ్మిది వచ్చింది. నోరు జారింది కాదు. అన్నది ఆయనే, తెలిసే అన్నాడు.

జునైద్ కళ్లు మూసుకుని, హాజీలు అప్పజెప్పినట్టే అప్పజెప్పాడు. ఒకసారి. రెండోసారి. చివర తొమ్మిది.

"సరిగ్గా ఉందా చాచా?"

"సరిగ్గా ఉంది."

వ్యాను కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపుతూ కూడా వాడు పెదవులు ఆడిస్తూనే ఉన్నాడు. మరచిపోకూడదని.

సెప్టెంబరు గడిచింది. ఇనాయతుల్లాకు తిండి సయించలేదు. ఆఫీసు ఫైల్లో జునైద్ ఇంటి నంబరు ఉంటే అడిగి తీసుకున్నాడు. అది ప్రీపెయిడ్, మోగలేదు. అక్టోబరు మధ్యలో కాశ్మీర్‌లో పోస్ట్‌పెయిడ్ ఫోన్లు మాత్రం తెరిచారని వార్త వచ్చింది. "ఇంక తమ్మి ఫోను చేస్తడు సూడు," అని దేవన్న రోజూ అనేవాడు. ఇనాయతుల్లా ఫోనును ముందు పెట్టుకుని కూర్చునేవాడు, అది మోగదని తెలిసీ. నెలాఖరుకు ఇక తట్టుకోలేక, ఒక శుక్రవారం జుమ్మా నమాజయ్యాక, తన నంబరే చివర తొమ్మిదితో కొట్టాడు.

"ఎవరు? ఈ నంబరు నీకెవరిచ్చారు?" అవతలి మనిషి ఉర్దూలో గద్దించాడు. బీహారో, యూపీయో, ఎవడో డ్రైవరులా ఉన్నాడు.

"భాయ్, ఇండియా నుంచి ఎవరైనా ఇనాయతుల్లా కావాలని చేశారా?"

"చేశాడు. మూడుసార్లు. చాచా చాచా అని ఒకటే ఏడుపు. రాంగ్ నంబరయ్యా అంటే వినడు. నాకు కంఠతా వచ్చు, తప్పు పోదు అంటాడు."

"ఎందుకు ఏడ్చాడు? బిడ్డ గురించి ఏమన్నా చెప్పాడా? భార్య గురించి?"

"నేనెందుకు అడుగుతాను? కాశ్మీర్ అన్నాడు. ఆ మాట వినగానే బ్లాక్ చేసి నంబరు తుడిచేశాను. నాకు పిల్లలున్నారయ్యా. నువ్వెవరివో, వాడెవడో, మీతో నాకే సంబంధమూ లేదు. మళ్లీ చేయకు."

ఇనాయతుల్లా మళ్లీ చేశాడు. ఈసారి కలవలేదు.

దేవన్న పొయ్యి దగ్గర్నుంచి అడిగాడు. "ఏమాయె భాయ్? తమ్మి ముచ్చట తెలిసిందా? పోరడా, పోరియా?"

"తెల్దు దేవన్నా. ఏడ్చినాడంట. సంతోషానికి ఏడ్చినాడో, ఎందుకు ఏడ్చినాడో తెల్దు." ఇనాయతుల్లా మంచం మీద కూలబడ్డాడు. ఎవరికీ ఏదీ చెప్పని మనిషి ఆ పూట మొత్తం చెప్పేశాడు. చొక్కా జేబులోంచి బుక్కు తీయడం, ఆఫీసుకు పోయి చెప్పడం, ఏడుకు బదులు తొమ్మిది అనడం. "నేనే చేసినా అంతా. కావాలనే చేసినా," అని పసిబిడ్డలా ఏడ్చాడు.

దేవన్న పొయ్యి ఆర్పాడు. గిన్నె మీద మూత పెట్టి, బల్ల మీదున్న తన ఫోను తీసి జేబులో వేసుకుని బయటికి పోయాడు. ఆ తర్వాత మూడేళ్లు కలిసే ఉన్నారు, కలిసే వండుకున్నారు. కానీ స్నానానికి పోయేటప్పుడు కూడా దేవన్న ఆ ఫోనును ఇనాయతుల్లా ఉన్న రూములో వదిలిపెట్టలేదు.